పుట్టుకను మరిచే కేంద్రకం

హైదరాబాద్: ఈసీఐఎల్ అనగానే నగరవాసులకు టీవీలు, కంప్యూటర్లు గుర్తొస్తాయి. ఆ ప్రాంతంలోనే భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన ఎన్‌సీసీసీఎం అనే ప్రయోగశాల, అందులో 30 లక్షల వోల్టుల కణ త్వరణ యంత్రం ఉన్నాయన్న సంగతి కొద్దిమందికే తెలుసు. పలుచని పొరల్లో హైడ్రోజన్ ఏ లోతున ఎంత చేరిందో తేల్చడం అక్కడి పనుల్లో ఒకటి. లోహంలో చేరిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మారుస్తుంది. అన్నిటికంటే తేలికైన మూలకం కావడంతో చాలా పరీక్షలకు అది చిక్కదు. దాని జాడ పట్టించేది ‘అనునాదం’.

హైడ్రోజన్ కేంద్రకమంటే ప్రోటానే. దాన్ని ఫ్లోరిన్ మీదకు పంపితే చాలావరకు విద్యుత్ వికర్షణకు లోనై పక్కకు చెదిరిపోతుంది. ఇదే పరిక్షేపణం. శక్తిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే 3.4 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద మాత్రం గామా కిరణాలు ఒక్కసారిగా ఎగసిపడతాయి. ఇంకొన్ని వేలు పెంచగానే మళ్లీ తగ్గిపోతాయి. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తేనే కదా ఎత్తుకు లేచేది! ప్రోటాన్, ఫ్లోరిన్ కలిస్తే ఏర్పడే నియాన్-20 కేంద్రకానికి ఉన్న ఒక శక్తి స్థాయితో ప్రోటాన్ తెచ్చిన శక్తి అక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఈ అనునాదం వెడల్పు రెండు వేల పైచిలుకు ఎలక్ట్రాన్ వోల్టులే. వెడల్పు ఎంత తక్కువైతే ఆ కేంద్రకం ఆయుష్షు అంత ఎక్కువ. సెకనును కోటి కోటి కోట్ల భాగాలు చేస్తే, ఈ నియాన్ సుమారు 270 భాగాల కాలం బతుకుతుంది. ప్రోటాన్ ఆగకుండా దూసుకుపోతే అందులో ఒక్క భాగం కూడా పట్టదు. అంటే అది లోపల చాలాసేపు ఉండిపోయిందన్నమాట.

అంతసేపూ ఏం జరుగుతోంది? 1936లో నీల్స్ బోర్ దీనికి జవాబు చెప్పారు. లోతు తక్కువ పళ్లెంలో గోళీలున్నాయనుకుందాం. బయటి నుంచి మరో గోళీని విసిరితే దాని వేగం అన్నిటికీ పంచుకుపోతుంది. మళ్లీ ఏదో ఒకదానికి తగినంత శక్తి సమకూరే వరకు ఏదీ బయటపడదు. ఈ మధ్యస్థితే ‘సంయుక్త కేంద్రకం’. తాను ఎలా పుట్టిందో అది మరిచిపోతుందని, ఎలా విడిపోవాలన్నది దానికున్న శక్తిని బట్టే ఉంటుందని బోర్ భావన.

వినడానికి బాగానే ఉంది, రుజువేదీ? 1950లో అమెరికాలోని బర్క్‌లీలో భారతీయ శాస్త్రవేత్త ఎస్.ఎన్.ఘోషల్ ఆ పరీక్ష చేశారు. ఒకే జింక్-64ను రెండు దారుల్లో పుట్టించారు. రాగి-63 మీదకు ప్రోటాన్లను, నికెల్-60 మీదకు ఆల్ఫా కణాలను పంపారు. రెండు చోట్లా అవే మూడు పదార్థాలు మిగిలాయి. వాటిని అర్ధాయుష్షును బట్టి గుర్తించవచ్చు: జింక్-63ది సుమారు 38 నిమిషాలు, జింక్-62ది 9 గంటలు, రాగి-62ది పది నిమిషాలలోపు. రెండు దారుల శక్తి లెక్కలను సరిచూసి పోల్చగా మూడింటి నిష్పత్తులు దాదాపు ఒక్కటిగానే వచ్చాయి. నేటికీ అణు భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ ప్రయోగాన్ని ఘోషల్ పేరుతోనే చదువుకుంటున్నారు.

అయితే ఈ మరుపు అన్నివేళలా నిజం కాదు. శక్తి బాగా పెరిగితే ప్రోటాన్ ఒకటి రెండు కణాలను మాత్రమే తాకి బయటపడుతుంది. అలాంటప్పుడు వెలువడే కణాలు ఎక్కువగా ముందువైపుకే పోతాయి. సంయుక్త కేంద్రకం నుంచి వచ్చేవి సగటున ముందుకూ వెనక్కూ సమానంగా పంచుకుపోతాయి. ఏ దిశలో ఎన్ని కణాలు వచ్చాయో లెక్కిస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

హైదరాబాద్ ప్రయోగంలో తమాషా ఏమిటంటే, పాత్రలు తారుమారవుతాయి. హైడ్రోజన్ నిలకడగా ఉంటే ఫ్లోరినే దూసుకొస్తుంది. అది 19 రెట్లు బరువైనది కాబట్టి అదే అనునాదానికి సుమారు 64 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సరిగ్గా అంతే శక్తితో పంపితే ఉపరితలంలోని హైడ్రోజన్ పలుకుతుంది. ఇంకాస్త పెంచితే ఫ్లోరిన్ లోపలికి వెళ్తూ శక్తిని కోల్పోయి, కొంత లోతున ఆ అంకెకు చేరుతుంది. అక్కడి హైడ్రోజన్ అప్పుడు గామా కిరణాల రూపంలో లెక్కకొస్తుంది.