చేరడం వేరు, కలవడం వేరు

డిగ్రీలో చేరడమంత సులువైన పని ఇవాళ ఇంకొకటి లేదు. పూర్వం దరఖాస్తు కాగితం కోసం కాలేజీ గుమాస్తా చుట్టూ తిరగవలసి వచ్చేది. మన రాష్ట్రంలో 2020 నుంచి అంతా ఆన్‌లైను. బజారులో ఇంటర్నెట్ కొట్టు కుర్రాడు నాలుగు మీటలు నొక్కితే సీటు వచ్చేస్తుంది. అయితే చేరిన పిల్ల కాలేజీలో నిలవడం మీటలు నొక్కితే అయ్యే పని కాదు సుమండీ.

మొదటి వారం బెంచీలు చాలవు. రెండో వారం సరిపోతాయి. మూడో వారానికి వెనక రెండు వరుసలు ఖాళీ! తునిలో తెలుగు పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఏటా ఇదే తంతు చూస్తున్నాను. ఆ వరుసల వాళ్ళు ఏమయ్యారని అడిగితే, "వాళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తారు పెద్దలు. ఆ మాటే నిజమైతే మా ఉద్యోగం ఎంత హాయిగా ఉండేది!

మా కాలేజీలో ఈ ఖాళీ వరుసల సంగతి చూసే బాధ్యత నాకు అప్పగించి ఆరేళ్ళయింది. అమెరికాలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. ఇందుకోసమే ప్రత్యేకంగా డీన్లను కూడా వేస్తారు. మా దగ్గర దాని పేరు మెంటారు కమిటీ. ఒక్కొక్క లెక్చరరుకు ముప్ఫయిమంది చొప్పున పిల్లల్ని పంచి, చేతికొక రిజిష్టరు ఇస్తారు. ఎవరిని ఎప్పుడు పిలిచి మాట్లాడామో అందులో రాయాలి. తనిఖీకి వచ్చినవారు ఆ రిజిష్టరు చూసి, తల ఆడించి వెళ్తారు. పిల్లల్ని కూడా చూసే తనిఖీ ఇంతవరకు మా ఊరు రాలేదు.

తుని ఎలాంటి ఊరో తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మద్రాసు-హౌరా రైలు దారిలో, తాండవ నది ఒడ్డున ఉన్నది. మామిడిపళ్ళకు పేరు. వంతెన దాటితే పాయకరావుపేట. 2022లో జిల్లాలు విడదీశాక మేము కాకినాడ జిల్లా, వాళ్ళు అనకాపల్లి జిల్లా అయ్యాము. ఏటికి ఇవతలి కాలేజీలు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద, అవతలివి ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నాయి. తొండంగి వైపు సముద్రపు ఒడ్డు పల్లెల నుంచీ, కోటనందూరు, రౌతులపూడి వైపు మెట్ట గ్రామాల నుంచీ పిల్లలు బస్సులమీద, ఆటోలమీద వస్తారు. చాలా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

మా వైపు మాట అటు గోదావరిదీ కాదు, ఇటు విశాఖదీ కాదు. "ఏటండీ" అంటారు. "ఎల్తన్నాను" అంటారు. ఎమ్మే చదువుకున్నదాన్ని గనుక నేను దానిని మాండలికమని గౌరవంగా పిలుస్తాను. తరగతిలో పక్క బెంచీ మాత్రం దానిని చూసి కిసుక్కున నవ్వుతుంది. చిత్రమేమంటే, ఆ నవ్వేవారి ఇంట్లో అమ్మమ్మ కూడా అలాగే మాట్లాడుతూ ఉంటుంది! పైగా 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం అయింది. తెలుగులో నోరు విప్పితే నవ్వుతారు, ఇంగ్లీషు నోరు తిరగదు. ఇక మిగిలేది నోరు మూసుకోవడం.

కోటనందూరు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి చేరింది. ఇంటరులో మంచి మార్కులు. మూడో వారంలో మానేసింది. ఫోను చేస్తే వాళ్ళమ్మ "జొరమండీ" అన్నది. పై వారం చేస్తే "సమ్మందం సూత్తన్నామండీ" అన్నది. జ్వరానికీ సంబంధానికీ మధ్య ఇంకేదో ఉండాలనిపించి, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను.

ఆవిడ అరుగుమీద చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చింది.

"దానికి సదువెక్కట్లేదంట మేడంగోరూ."

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"అదే అంటాంది."

పిల్ల గుమ్మం వెనక నిలబడి వింటోంది. అక్కడ పెదవి విప్పలేదు. నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చినప్పుడు దారిలో చెప్పింది. "నేను మాటాడితే నవ్వుతున్నారు మేడమ్. మాటాడకపోతే పొగరంటున్నారు. మజ్జాన్నం బాక్సు ఎక్కడ కూచుని తినాలో తెలీలేదు." మూడు వారాలూ ఆ అమ్మాయి మరుగుదొడ్ల పక్కన మెట్లమీద ఒక్కతే కూర్చుని అన్నం తిన్నదట.

ఈ సంగతి రిజిష్టరులో ఎక్కడ రాయను? "మానివేతకు కారణం" అన్న గడికింద ఆర్థికం, ఆరోగ్యం, వివాహం, ఇతరములు అని నాలుగే ఉన్నాయి. "అన్నం తినడానికి చోటు లేక" అని రాస్తే పైవారు నవ్విపోతారు. "ఇతరములు" అని రాశాను.

ఆ అమ్మాయి ఎక్కే బస్సులోనే మూడో సంవత్సరం చదివే పిల్ల ఒకతె వస్తూ ఉండేది. దానిని పిలిచి, వీలైతే ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రమ్మన్నాను. ఏం చెప్పమంటారని అడిగితే, ఏమీ చెప్పక్కర్లేదన్నాను. వెళ్ళింది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో చాలాకాలం తర్వాత తెలిసింది. "నేనూ మొదటేడు గోడకేసి తిరిగి తిన్నానే. రేపు నాతో రా, మా చెట్టుకింద కూచుందువు గాని" అన్నదట. అంతే! గురువారం పిల్ల తరగతిలో ఉన్నది.

అప్పటినుంచి మెంటారు జాబితాలను హాజరు పట్టీ వరుసన కాకుండా బస్సుల వరుసన రాస్తున్నాము. తొండంగి బస్సు, రౌతులపూడి బస్సు, కోటనందూరు బస్సు, వంతెన అవతలి నుంచి నడిచి వచ్చేవారు. ప్రతి బస్సుకూ ఇద్దరు పెద్ద తరగతివాళ్ళు. వాళ్ళకు మేము అప్పజెప్పిన పని చాలా స్వల్పం. మొదటి ఆరు వారాలూ కొత్తవాళ్ళతో కలిసి బస్సు దిగాలి, కలిసి అన్నం తినాలి, ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే ఆ సాయంత్రమే ఇంటికి కబురు చెయ్యాలి. లెక్చరరు ఫోను చేస్తే ఇంట్లోవాళ్ళు జ్వరమంటారు. ఆ బస్సు పిల్ల అడిగితే నిజం చెబుతారు.

ఇదేదో మేము కనిపెట్టామని చెప్పుకోవడం లేదు. అమెరికాలో వాల్టన్, కోహెన్ అనే ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2011లో ఒక ప్రయోగం ప్రకటించారు. మొదటి ఏడు చదివే విద్యార్థులచేత ఒక గంటసేపు పై తరగతులవారి అనుభవాలు చదివించారు. "మొదట్లో మాకూ ఇది మన చోటు కాదేమో ననిపించింది, పోను పోను సర్దుకున్నది" అనేది వాటి సారాంశం. ఆ గంటతో నల్లజాతి విద్యార్థుల మార్కులు మూడేళ్ళపాటు మెరుగుపడి, తెల్లవారికీ వారికీ మధ్య ఉన్న వ్యత్యాసం సగానికి తగ్గిందట! వినడానికి తాయెత్తు మహిమలాగే ఉన్నది. అయితే 2023లో 22 విద్యాసంస్థలలో సుమారు 27 వేలమందితో మళ్ళీ పరీక్షించి చూశారు. ఆ విద్యార్థులకు నిజంగా కలిసేందుకు అవకాశమున్న సంస్థల్లోనే అది పనిచేసిందని తేలింది. చెట్టే లేనిచోట చెట్టుకింద కూర్చుందాం రమ్మంటే ఏం లాభం?

మన దేశంలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం వారు కొత్త విద్యార్థులకోసం 2019లో "దీక్షారంభ్" అనే కార్యక్రమం పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. నేను చూసిన కొన్ని చోట్ల మాత్రం అది బేనరుగా, జ్యోతి ప్రజ్వలనగా, నలుగురు పెద్దల ఉపన్యాసాలుగా తేలింది. ఆ వరసలో చివరి ఉపన్యాసం ఒకసారి నాదే. వెనక వరుసలు అప్పుడు నిండుగానే ఉన్నాయి, తలుపులు మూశారు గనుక!

ఈ విషయంలో మనకు పాత అనుభవమూ లేకపోలేదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ తాతగారి తరం నుంచి వింటూనే ఉన్నాము. రోజుకొక ఇంట భోజనం. కడుపు నిండేది. కాని ఏ రోజు ఎవరింటివాడో ఆ కుర్రవాడికి గుర్తుండవలసిందే. పైగా ఆ విస్తరి అన్ని కులాల పిల్లలకూ వేసేది కాదు.

ప్రకాశం పంతులుగారి సంగతి వేరు. తండ్రి పోయాక, తల్లి ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచింది. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ అల్లరి కుర్రవాణ్ణి తనవాడుగా చూసుకుని, తాను రాజమహేంద్రవరం వెళ్తూ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ కుర్రవాడు 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ రోజుల్లో నాయుడుగారి చేతిలో ఏ రిజిష్టరూ లేదు.

మాకు దగ్గరలోనే, కాకినాడలో, రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు పిఠాపురం రాజావారి కాలేజీకి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆడపిల్లలను మగపిల్లలతోపాటు తరగతిలో కూర్చోబెట్టారు. బీద విద్యార్థులను, అస్పృశ్యులని దూరంగా ఉంచిన కులాల పిల్లలను చేరదీశారు. అనాథలను తన ఇంటనే పెంచారు. వెనక పిఠాపురం మహారాజావారి ధనం ఉన్నది. ఆ ధనం ఒక్కటే ఉండి ఆయన లేకపోతే ఏమయ్యేదో గాని, ఆయన ఉండి ధనం లేకపోయినా కష్టమయ్యేది. ఈ రెండో సగాన్ని సన్మాన సభల్లో సాధారణంగా మరిచిపోతారు.

తర్వాత హాస్టళ్ళ యుగం వచ్చింది. హైదరాబాదులో 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసింది. ఆ తరహాలో కులానికొకటిగా చాలా ఊళ్ళలో వచ్చాయి. పల్లెటూరి కుర్రవాడికి పట్నంలో అవి పుట్టిల్లయిన మాట నిజం. ఇంకొక కులం కుర్రవాడు మాత్రం ఆ గోడ అవతలే ఉండిపోయాడు. మా బస్సు జట్టుకు నేను మొగ్గడానికి అదొక కారణం. బస్సుకు కులం లేదని అనను. కాని కాలేజీ బెంచీకున్నంత లేదు.

కులం మాట ఎత్తకుండా ఈ విషయం రాస్తే అబద్ధం రాసినట్టే. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల అనే దళిత పరిశోధక విద్యార్థి ఉరివేసుకుని చనిపోయాడు. సస్పెన్షనుకు గురై, హాస్టలునుంచి వెలివేయబడి, కొన్నాళ్ళు ఆరుబయట పడుకున్న కుర్రవాడు. సీటు ఉన్నది, తెలివి ఉన్నది. ఆనాడు దేశమంతా చర్చించింది. మా స్టాఫ్‌రూములో కూడా చర్చించాము. గొంతులు తగ్గించి.

సంస్థనే పిల్లలకు తగినట్టు కట్టిన ఉదాహరణ మనకు ఒకటున్నది. 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పదో తరగతి పాసైన పల్లె పిల్లలను తీసుకుని ఆరేళ్ళ చదువు మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లలకు మార్కుల లెక్కలో 0.4 పాయింటు కలిపారు. మొదటి రెండేళ్ళు పునాదికే వదిలారు. అక్కడ అందరూ కొత్తవాళ్ళే. ఒకరి యాసకు ఇంకొకరు నవ్వడానికి తీరిక తక్కువ. పదిహేనేళ్ళకే ఇల్లు విడిచిన పిల్లల బెంగ ఎంతటిదో, అది వేరే కథ.

మా బస్సు జట్టు చెయ్యలేని పనులు చాలా ఉన్నాయి. డబ్బు మొదటిది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో చివరి కొద్దిపాటి బాకీ కట్టలేక చదువు మానేవారిని 2011 నుంచి వెదికి, వారు అడగకుండానే ఆ చిన్న మొత్తం తామే జమకట్టడం మొదలుపెట్టారట. చదివినప్పుడు నాకు తొండంగి బస్సు కుర్రవాడు గుర్తొచ్చాడు. వేటకు వెళ్ళే ఇంటివాడు. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రెండు నెలలూ ఇంట్లో రాబడి లేదు. పరీక్ష ఫీజు గడువు సరిగ్గా అప్పుడే పడింది. అతనికి బస్సు జట్టులో స్నేహితులున్నారు, చెట్టున్నది, తరగతిలో నవ్వేవాళ్ళు లేరు. అయినా సంచి సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. అక్కడ సామాన్లు ఇళ్ళకు చేరవేసే పని.

ఆ సంవత్సరం మేము స్టాఫ్‌రూములో ఒక డబ్బా పెట్టాము. నెలకు తలకు వంద రూపాయలు. అప్పు అనము, దానం అనము, "ఫీజు సర్దుబాటు" అంటాము. ఎవరిచ్చారో తీసుకున్నవాడికి తెలియదు, ఎవరు తీసుకున్నారో ఇచ్చినవారికి తెలియదు. కోటనందూరు బస్సు అమ్మాయి ఇప్పుడు అనకాపల్లిలో బియ్యీడీ చదువుతోంది. మొన్న వచ్చి డబ్బాలో రెండు వందలు వేసి వెళ్ళింది.

తొండంగి కుర్రవాడు పోయిన వారం ఫోను చేశాడు. చుట్టూ మోటారు సైకిళ్ళ రొద. "మేడమ్, సప్లిమెంటరీకి కట్టొచ్చా? గడువెప్పుడు?" అని అడిగాడు. 22వ తేదీ అని చెప్పాను.