పొట్టేలును మందలోకి ఎప్పుడు వదలాలి? అడవి దుప్పి చెప్పే లెక్క



ఖమ్మం దాటి పాల్వంచ, భద్రాచలం వైపు అడవి అంచున సాగు చేసేవాళ్లకు దుప్పులు కొత్త కాదు. కిన్నెరసాని అభయారణ్యంలో చుక్కల దుప్పులున్నాయి. వీటి పిల్లలు ఏడాదిలో ఏ నెలలోనైనా కనిపిస్తాయి. మగవి కూడా అన్నీ ఒకేసారి కొమ్ములు రాల్చవు.

చలిదేశాల ఎర్రదుప్పి అలా కాదు. దానికి ఎద కాలం ఏడాదికి ఒక్కటే. కరెన్ మెక్‌కోంబ్ అనే శాస్త్రవేత్త న్యూజిలాండ్‌లో మగదుప్పి అరుపుల రికార్డును ఆడవాటికి వినిపించి చూశారు. అరుపు విన్నవి, విననివాటికంటే ముందే ఎదకొచ్చాయి. ఈ సంగతి 1987లో అచ్చయింది. అంటే మగదాని అరుపు కూడా ఆడదాని ఒంట్లో గడియారాన్ని ముందుకు జరుపుతుందన్నమాట.

మరి మన మందకు దీంతో పనేంటి? చాలా ఉంది. ముసురు పట్టినప్పుడు ఈనితే పిల్లలు తడిసి, చలికి, న్యుమోనియాకు పోతాయి. ఆర్నెల్ల కష్టం ఒక్క వారంలో నీళ్లపాలు!

గొర్రెల్లో ఈ పని ఎక్కువగా చేసేది పొట్టేలు వాసన. ఇలా చేయండి:

1. పొట్టేలును కనీసం నెల రోజులు వేరుగా ఉంచాలి. దాని వాసన, అరుపు మందకు చేరకూడదు.

2. తర్వాత ఒకేసారి వదలాలి. కొత్త పొట్టేలైతే ఇంకా మంచిది. ఎదలో లేని గొర్రెల్లో చాలావాటికి రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. కానీ ఆ మొదటిసారి ఎద లక్షణాలు పైకి కనపడవు. కంగారుపడి పొట్టేలును తీసేయొద్దు.

3. అసలు ఎద సుమారు 18 నుంచి 25 రోజుల మధ్య వస్తుంది. అక్కణ్ణుంచి చూలు 150 రోజులు.

లెక్క చూడండి. జనవరి మొదట్లో వదిలితే జూన్ చివర్లో, సరిగ్గా వానల్లో ఈనతాయి. జూన్ మొదట్లో వదిలితే నవంబరు మూడో వారం తర్వాత. అప్పటికి వానలు తగ్గుతాయి, గట్ల మీద పచ్చిమేత ఉంటుంది.

ఇప్పటికే ఎద తిరుగుతున్న గొర్రెలకు, బక్కచిక్కిన వాటికి ఇది అంతగా పనిచేయదు. అందుకే ముందు మేత, తర్వాతే పొట్టేలు. మేకల్లోనూ పోతును ఇలాగే వేరుచేసి వదలొచ్చు. వాటిలో ఎద ఇంకా తొందరగా వస్తుంది.

ఇంజెక్షన్ లేదు, ఖర్చు లేదు. కావాల్సింది ఒక దడి, ఒక క్యాలెండర్. పొట్టేలును వదిలిన తేదీ గోడమీద రాసిపెట్టుకోండి. విడిగా ఉంచే పద్ధతి వీడియోలో చూడండి.