లారీ ఇంజనులో కూలెంట్ మార్చడం

భారీ లారీల డీజిల్ ఇంజనులో సిలిండర్ లైనర్ల చుట్టూ తిరిగే కూలెంటు వాటి వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో వదులుతుంది. సాధారణంగా అందులో సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్. వాటితోపాటు తుప్పును ఆపే రసాయనాలు. ముందుగా హరించుకుపోయేవి ఈ రసాయనాలే. అవి తగ్గితే లైనర్ల అదురుకు పుట్టే సన్నని బుడగలు పగులుతూ లోహాన్ని గుంటలు పడేలా తొలుస్తాయి. చివరికి లైనరుకు చిల్లిపడి కూలెంటు ఇంజనాయిల్లో కలుస్తుంది.

మార్చే ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తిప్పితే మరుగుతున్న ద్రవం ముఖాన చిమ్ముతుంది. రేడియేటర్‌తోపాటు ఇంజను బ్లాకు డ్రెయిన్ కూడా విప్పాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. తేటనీరు వచ్చేదాకా కడగాలి.

నింపేటప్పుడు బోరు నీళ్లు పనికిరావు, లోపల సున్నం పేరుకుంటుంది. డీమినరలైజ్డ్ నీరే వాడాలి. గాలి చిక్కకుండా నిదానంగా పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజను నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడాలి.

పాత కూలెంటు తియ్యని విషం. కుక్కలూ పశువులూ నాకితే ప్రాణం పోతుంది. దాన్ని కాలువలో పారబోయకండి.