పచ్చకామెర్లు వస్తే పీహెచ్‌సీలో తప్పక రాయించుకోండి

ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే మనలో చాలామంది ముందు పసరు మందుకే వెళ్తారు. తగ్గుతుంది కూడా. నిజానికి హెపటైటిస్ ఏ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది! అసలు నష్టం ఏంటంటే, ఆ కేసు లెక్కలోకి ఎక్కదు. మీ వీధిలో ఇంకో నలుగురికి వచ్చినా పైవాళ్లకి తెలియదు.

లెక్క ఎలా నడుస్తుందంటే: గ్రామంలో లక్షణాలున్నవారి వివరాలు ఏఎన్ఎం, అనుమానిత కేసులు డాక్టరు, రక్తపరీక్షలో తేలినవి ల్యాబు విడివిడిగా నమోదు చేస్తారు. 2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమం ఇది. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఆన్‌లైన్‌లోకి మారింది. ఒకే ఊళ్లో కేసులు గుంపుగా కనిపిస్తే జిల్లా నుంచి బృందం వస్తుంది. నీళ్ల శాంపిళ్లు తీస్తారు, ట్యాంకులో క్లోరిన్ చూస్తారు, మురుగు కాల్వ పక్కన పైపు పగిలిందేమో వెతుకుతారు.

అప్పుడు మిమ్మల్ని "నెల క్రితం ఎక్కడ తిన్నారు, ఏ నీళ్లు తాగారు" అని అడుగుతారు. విసుక్కోకండి. వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజులకి గానీ జబ్బు బయటపడదు. నిన్నటి భోజనం సంగతి వాళ్లకి పనికిరాదు, పోయిన నెల తిన్న పెళ్లిభోజనం పనికొస్తుంది.

కేరళలో ఎర్నాకుళం జిల్లా వేంగూరులో 2024లో సరఫరా నీళ్ల వల్లే వందల మందికి ఈ కామెర్లు వచ్చాయి. పిల్లల జబ్బే కదా అనుకోవద్దు. చిన్నప్పుడు సోకితే చాలాసార్లు తెలియకుండానే పోతుంది. పెద్దయ్యాక సోకితేనే ఎక్కువ బాధపెడుతుంది.

జ్వరం, వాంతులు, ఆకలి లేకపోవడం, ముదురు పసుపు మూత్రం కనిపిస్తే ఆశా కార్యకర్తకి చెప్పండి, లేదా 104కి ఫోన్ చేయండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు ఉచితం. మగతగా ఉన్నా, మాట తడబడినా, రక్తం కారినా వెంటనే 108కి చేయండి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, అది హెపటైటిస్ ఈ అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో నీళ్లు తెర్లేదాకా కాచి తాగండి. చేతులు సబ్బుతో కడగండి, శానిటైజర్‌ని నమ్ముకోవద్దు. వాతలు మాత్రం పెట్టించకండి.