మీకు తెలుసా? ఫ్లోరైడ్ ఎక్కువున్న తాగే నీళ్లు వెన్నుపామును నొక్కేస్తాయి!

ఆంధ్రప్రదేశ్‌లోని పుల్లలచెరువు వైపు బోరునీళ్ల మాట వస్తే ముందు గారపళ్లే గుర్తొస్తాయి. అసలు కీడు అంతకంటే లోపలుంది. మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను 1937లో తొలిసారి వైద్య పత్రికలకెక్కించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఆ పల్లెలున్న పొదిలి, దర్శి ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది.

ఈ జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుందో దశాబ్దాల పాటు పరిశోధించిన తెలుగు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి. హైదరాబాద్ నిమ్స్‌కు డైరెక్టర్‌గానూ పనిచేశారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఎముక మందమవుతుంది, కీళ్ల బంధనాలు సైతం ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. ఎక్కువగా మెడ దగ్గరే నొక్కుకుపోతుంది. కాళ్లు బిగుసుకుంటాయి, తర్వాత పట్టు తప్పుతాయి. వెనకవైపు ఎముక తొలగించి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది గానీ, అది సులువైన పని కాదు. 2009లో ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో ఆయన ఈ విషయమంతా సమీక్షించారు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచి తాగితే చాలనుకునేవారు చాలామంది. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.