రియో గ్రాండే ఒడ్డున స్టార్ కౌంటీ: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం దక్షిణ కొసన, రియో గ్రాండే నది ఉత్తరపు ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది. సుమారు 3,170 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 2020 జనగణన ప్రకారం 65,920 మంది జనాభా. కౌంటీ కేంద్రం రియో గ్రాండే సిటీ. దానికి పడమరగా, నది మీదికి నిలువునా లేచిన ఇసుకరాతి గట్టుపై 11,561 మంది జనాభాతో రోమా పట్టణం ఉంది. నది అవతల మెక్సికో దేశపు తమౌలిపాస్ రాష్ట్రం. కౌంటీ జనంలో నూటికి 95 మందికి పైగా హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల్లో మూలాలున్నవారు. దేశం మొత్తం మీద ఇంత నిష్పత్తి ఉన్న కౌంటీలు బహు కొద్ది. సరిహద్దు గురించి, వలసల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ ప్రాంతం ప్రస్తావనకు వస్తుంది. ఇక్కడి నేల గురించి, మనుషుల గురించి జనంలో పాతుకుపోయిన తప్పుడు అభిప్రాయాలు కూడా తక్కువేమీ కావు.

అపోహ: ఇక్కడి జనమంతా ఈమధ్య మెక్సికో నుంచి వలస వచ్చినవారే

అన్నిటికంటే బలంగా నాటుకున్న అపోహ ఇదే, అన్నిటికంటే ఎక్కువ హాని చేసేదీ ఇదే. ఈ గడ్డ మీద స్పానిష్ మాట్లాడే కుటుంబాలు స్థిరపడేనాటికి అమెరికా సంయుక్త రాష్ట్రాలే పుట్టలేదు. 1748లో హోసే దె ఎస్కాందోన్ స్పెయిన్ రాజు తరఫున నువో సాంతాందేర్ అనే వలస రాజ్యానికి పునాది వేశాడు. తరువాతి కొద్ది ఏళ్ళలోనే రియో గ్రాండే వెంట కమార్గో, రేనోసా, రెవియా, మియేర్, లారెడో అనే ఊళ్ళు వెలిశాయి. నేటి స్టార్ కౌంటీ భూములు కమార్గో, మియేర్ ఊళ్ళవారి పశువులు మేసిన నేలలు.

ఆ భూముల పంపకం తీరు చూస్తే ఈ సమాజం ఎంత పాతదో తెలుస్తుంది. 1767లో స్పెయిన్ అధికారులు వచ్చి నదీ తీరాన్ని కొలిచి కుటుంబాలకు పంచారు. ఇది నీళ్ళు అరుదైన సీమ కాబట్టి ఎవరికీ నది అందకుండా పోకూడదన్నది వారి నియమం. అందుకే ఒక్కో వాటాకు నది వైపు కిలోమీటరు పైచిలుకు వెడల్పు మాత్రమే ఇచ్చి, లోపలికి ఇరవై కిలోమీటర్ల దాకా పొడవు సాగనిచ్చారు. ఒకదాని పక్కన ఒకటిగా సన్నని పట్టీల్లా సాగిన ఈ వాటాలను పోర్సియోన్ అంటారు. ఒడ్డున రైతు పశువులకు నీళ్ళు పెట్టుకునేవాడు, వెనుక పొదల నేలలో వాటిని మేపుకునేవాడు. ఇప్పటికీ స్టార్ కౌంటీ భూమి దస్తావేజుల్లో ఫలానా నంబరు పోర్సియోన్ అనే రాస్తారు. ఆ పట్టాలు పొందినవారి ఇంటిపేర్లు నేటికీ అక్కడి బడి రిజిస్టర్లలో, దుకాణాల బోర్డుల మీద కనిపిస్తాయి.

సరిహద్దు ఆ తరువాత, స్పెయిన్ పాలన పోయి ఈ నేల మెక్సికో చేతికి వచ్చాక, వచ్చింది. 1836లో మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్ తన హద్దు రియో గ్రాండే అంది. మెక్సికో మాత్రం ఇంకా ఉత్తరాన ఉన్న న్యూసెస్ నదే హద్దు అని పట్టుబట్టింది. టెక్సస్ అమెరికాలో కలిశాక, ఆ రెండు నదుల మధ్య నేల కోసమే 1846లో అమెరికా, మెక్సికోల మధ్య యుద్ధం మొదలైంది. 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో రియో గ్రాండేనే సరిహద్దుగా ఖాయమైంది. మెక్సికో పౌరులుగా ఉండదలచినవారు ఏడాదిలోగా ఆ మాట చెప్పాలి, చెప్పనివారు అమెరికా పౌరులవుతారని ఒప్పందంలో రాసుకున్నారు. దాంతో ఇల్లు కదలకుండానే వేలమంది దేశం మారిపోయింది. అన్నదమ్ముల్లో ఒకరి పొలం ఒక దేశంలోనూ, రెండోవారిది ఇంకో దేశంలోనూ మిగిలిన కుటుంబాలున్నాయి. స్టార్ కౌంటీ ఏర్పడింది కూడా అదే 1848లో.

తరువాతి కాలంలో వలస రాలేదని కాదు. 1910లో మొదలైన మెక్సికో విప్లవం రోజుల్లో, ఆ తరువాత కూడా చాలామంది వచ్చి చేరారు. అయినా నేటి జనాభాలో మూడింట రెండొంతుల మంది దాకా అమెరికాలో పుట్టినవారే. విదేశాల్లో పుట్టినవారిలోనూ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటూ పౌరసత్వం పొందినవారు ఎందరో.

అపోహ: ఇది ఇసుక ఎడారి, ఇక్కడి నదిలో పారేది కొలరాడో మంచు నీరు

సినిమాల్లో చూపే సరిహద్దు ఎప్పుడూ ఇసుక తిన్నెలతోనో, బ్రహ్మజెముడు చెట్లతోనో ఉంటుంది. ఆ దృశ్యాలు చాలావరకు వందల కిలోమీటర్ల పడమరన ఉన్న ఆరిజోనావి. స్టార్ కౌంటీలో ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడుతుంది, ఇంచుమించు అనంతపురం సగటంత. నేల కరువు నేలే గాని ఎడారి కాదు. మెస్కీట్, టెక్సస్ ఎబొనీ వంటి ముళ్ళ చెట్లు దట్టంగా అల్లుకున్న పొదల అడవి దీని సహజ రూపం. సముద్రం వైపు, తూర్పున ఉన్న కౌంటీలు నది ఒండ్రుతో ఏర్పడిన చదునైన డెల్టా భూములు. స్టార్ కౌంటీ దగ్గరికి వచ్చేసరికి నేల ఎత్తు పెరిగి గుట్టలు, రాతి గట్లు మొదలవుతాయి. ఉష్ణమండలపు పక్షులు కొన్నిటికి ఉత్తరపు చివరి ఆవాసం ఈ నదీ తీరమే. ఆకుపచ్చ జే పిట్టను, ఎర్రముక్కు పావురాన్ని చూడాలని రోమా గట్టు మీదికి దేశం నలుమూలల నుంచీ పక్షి ప్రేమికులు వస్తారు.

నది సంగతి ఇంకా ఆసక్తికరం. రియో గ్రాండే పుట్టేది కొలరాడో కొండల్లోనే. కాని దారిలో న్యూమెక్సికో, ఎల్ పాసో పొలాలకు నీళ్ళు తోడుకోగా, ఎల్ పాసో దాటాక నది దాదాపు ఎండిపోతుంది. దానికి మళ్ళీ ప్రాణం పోసేది ప్రెసిడియో దగ్గర వచ్చి కలిసే మెక్సికో నది కొంచోస్. ఆ కింద పేకోస్, డెవిల్స్ వంటి టెక్సస్ నదులు, సలాదో వంటి మెక్సికో నదులు కలుస్తాయి. అంటే రోమా వాసులు తాగే నీటిలో పెద్ద భాగం మెక్సికో కొండల మీద కురిసిన వాన. 1944 జల ఒప్పందం ప్రకారం ఆరు ఉపనదుల నుంచి అయిదేళ్ళ సగటున ఏడాదికి 3,50,000 ఎకరా అడుగుల (ఎకరం నేలపై అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా అడుగు) నీటిని మెక్సికో అమెరికాకు వదలాలి. ఆ వాటా బకాయి పడినప్పుడల్లా రెండు దేశాల మధ్య తగువు రేగుతుంది. నష్టపోయేది మాత్రం దిగువన నారింజ వేసుకున్న రైతు.

రోమాకు ఎగువన రెండు దేశాలూ కలిసి కట్టిన ఫాల్కన్ ఆనకట్ట ఉంది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మెక్సికో అధ్యక్షుడు రూయిజ్ కోర్తీనెస్ 1953 అక్టోబరులో దానిని ప్రారంభించారు. అందులో నిలిచే నీటిలో 58.6 శాతం అమెరికాది, 41.4 శాతం మెక్సికోది. ఎస్కాందోన్ కాలం నాటి రెవియా, అంటే తరువాతి గెర్రేరో పట్టణం ఆ జలాశయంలో మునిగిపోయింది. జనాన్ని కొత్త ఊరికి తరలించారు. ఇటువైపు పాత సపాటా పట్టణానిదీ అదే గతి.

అపోహ: నది రెండు వేర్వేరు ప్రపంచాలను విడదీసే గీత

రోమా గట్టు అంచున నిలబడితే అవతలి ఒడ్డున సియుదాద్ మిగెల్ అలెమాన్ వీధులు, ఇళ్ళ గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యలో నది, నదిలో చెట్లు మొలిచిన లంకలు. అవతలి ఊరి పాత పేరు సాన్ పెద్రో దె రోమా. రెండు ఊళ్ళనూ కలుపుతూ 1928లో ఇనుప తీగల వేలాడే వంతెన కట్టారు. దాని మీద రాకపోకలు ఆగి చాలా కాలమైంది. పక్కనే కట్టిన కాంక్రీటు వంతెన మీదుగా రోజూ జనం అటూ ఇటూ వెళ్తుంటారు. పళ్ళ వైద్యుడి కోసం, మందుల కోసం ఇటువారు అటు పోతే, బట్టలకు, సరుకులకు అటువారు ఇటు వస్తారు. ఒక ఒడ్డున పెళ్ళయితే రెండో ఒడ్డు నుంచి చుట్టాలు రావడం ఇక్కడ మామూలు.

సరిహద్దు రేఖ కూడా అనుకున్నంత స్థిరమైనది కాదు. వరద వచ్చినప్పుడు నది వంపు తెంచుకుని కొత్త దారి పట్టేది. నిన్నటిదాకా ఒక దేశంలో ఉన్న పొలం తెల్లారేసరికి నదికి రెండో పక్కన తేలేది. ఇలాంటి ముక్కల హక్కు తేల్చడానికే 1889లో ఉమ్మడి సరిహద్దు కమిషన్ ఏర్పడింది. 1970లో మరో ఒప్పందంతో మిగిలిన తగాదాలు పరిష్కరించుకున్నారు. వరద మైదానంలో ఏం కట్టాలన్నా ఆ ఒప్పందానికి లోబడాల్సిందే. స్టార్ కౌంటీలో సరిహద్దు కంచె పనులు ఏళ్ళ తరబడి నిలిచిపోవడానికి ఇదొక ప్రధాన కారణం. టెక్సస్ ప్రభుత్వం సొంతంగా తలపెట్టిన గోడలో మొదటి భాగం 2021 చివరలో ఈ కౌంటీలోనే లేచింది.

ఇక్కడి ఊళ్ళకు చరిత్ర లేదనుకునేవారు రోమా నడిబొడ్డున ఉన్న చౌకు చూస్తే చాలు. నదిలో పొగ ఓడలు తిరిగిన 19వ శతాబ్దంలో ఓడలు వెళ్ళగలిగే చివరి రేవు రోమాయే. పత్తి, తోళ్ళ వ్యాపారంతో సంపద చేరింది. జర్మనీ నుంచి వచ్చిన హైన్రిఖ్ పోర్ట్‌షెల్లర్ అనే మేస్త్రీ స్థానికంగా కాల్చిన ఇటుకలను అచ్చుల్లో మలచి, చూరు కింద పూవుల వరసలు, గుమ్మాల చుట్టూ స్తంభాల ఆకృతులు తీర్చాడు. 1884లో పూర్తయిన మాన్యువెల్ గెర్రా దుకాణం అతని పనితనమే: కింద అంగడి, పైన కాపురం, వీధి వైపు ఇనుప కమ్మీల వసారా. 1993లో ఈ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

అపోహ: హిస్పానిక్ అనేది ఒక జాతి

అమెరికా జనగణన దశాబ్దాల పాటు హిస్పానికా కాదా అన్నదాన్ని జాతి ప్రశ్నతో కలపకుండా విడిగా అడిగింది. హిస్పానిక్ వ్యక్తి తెల్లవారు కావచ్చు, నల్లవారు కావచ్చు, మూలవాసి కావచ్చు. 2010 లెక్కలో స్టార్ కౌంటీ వాసులు అత్యధికులు తమను తెల్లవారిగానే రాసుకున్నారు. 2020లో సమాధానాలు నమోదు చేసే పద్ధతి మారడంతో దేశమంతటా ఒకటికి మించి జాతులు రాసుకున్న హిస్పానిక్‌ల సంఖ్య బాగా పెరిగింది. మనుషులు మారలేదు, ఫారం మారింది. 2024 మార్చిలో రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి రాబోయే లెక్కలను పాతవాటితో నేరుగా పోల్చకూడదు.

అపోహ: కొలోనియాలంటే అక్రమంగా వచ్చినవారు ఆక్రమించుకున్న గుడిసెలు

పట్టణాల పొలిమేర బయట, నీటి గొట్టాలు, మురుగు కాలువలు, పక్కా రోడ్లు లేకుండా వెలిసిన కాలనీలను కొలోనియాలంటారు. స్టార్ కౌంటీలో ఇవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వీటిలో ఎవరూ భూమి ఆక్రమించలేదు, డబ్బిచ్చి కొనుక్కున్నారు. 1950ల తరువాత భూ వ్యాపారులు సాగుకు పనికిరాని నేలలను చిన్న చిన్న స్థలాలుగా చీల్చి వాయిదాల మీద అమ్మారు. చివరి వాయిదా కట్టేదాకా దస్తావేజు అమ్మినవాడి దగ్గరే ఉండేది. ఏళ్ళ తరబడి కట్టి, రెక్కల కష్టంతో ఇల్లు లేపుకుని, జబ్బు చేసి వాయిదా తప్పితే స్థలమూ ఇల్లూ రెండూ పోయేవి. ఇది చట్టం కళ్ళెదుటే జరిగిన అన్యాయం. టెక్సస్ శాసనసభ 1989లో సదుపాయాలు లేని ప్లాట్ల అమ్మకాన్ని అదుపు చేసింది, 1995లో కొనుగోలుదారులకు రక్షణ కల్పించింది. ఈ కాలనీల్లో పెరిగే పిల్లల్లో అత్యధికులు పుట్టుకతోనే అమెరికా పౌరులు.

అపోహ: ఇక్కడివారు నోరెత్తరు, అందరూ ఒకే పార్టీకి ఓటేస్తారు

1966 జూన్ 1న స్టార్ కౌంటీ కర్బూజా తోటల కూలీలు గంటకు 1.25 డాలర్ల కూలి కోరుతూ సమ్మెకు దిగారు. ఎండలో కాలినడకన బయలుదేరి కార్మిక దినాన, సెప్టెంబరు 5న, రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చేరుకున్నారు. సమ్మెపై పోలీసులు సాగించిన దౌర్జన్యం మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1974లో తీర్పు వచ్చింది. ఏటా వేసవిలో ఇక్కడి కుటుంబాలు బీట్‌దుంపలు, చెర్రీలు కోయడానికి ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళేవి. వలస కూలీలని అక్కడ పిలిపించుకున్నవారిలో చాలామంది అమెరికా పౌరులే.

ఓట్ల విషయానికొస్తే, కౌంటీ నూరేళ్ళకు పైగా డెమొక్రాట్లవైపు నిలిచింది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్‌కు నూటికి 79 ఓట్లు పడ్డాయి. 2020లో బైడెన్‌కు 52 పడ్డాయి. 2024లో ట్రంప్ గెలిచారు. 1892 తరువాత ఇక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి నెగ్గడం అదే మొదటిసారి. ధరలు, చమురు క్షేత్రాల్లో కొలువులు, సరిహద్దు గస్తీలో ఉద్యోగాలు, మత విశ్వాసాలు ఇక్కడి ఓటరును కదిలిస్తాయి.

అపోహ: ప్రభుత్వ లెక్కలో ఉన్నంతే జనాభా

స్టార్ కౌంటీ జనాభా 1990లో 40,518, 2000లో 53,597, 2010లో 60,968. పెరుగుదల వేగం తగ్గినా ఆగలేదు, అందులో జననాల వాటా పెద్దది. 2020 జనగణన తరువాత జరిపిన సర్వేలో దేశవ్యాప్తంగా హిస్పానిక్‌లు నూటికి దాదాపు 5 మంది లెక్కకు అందలేదని తేలింది. కొలోనియాల్లో చాలా ఇళ్ళకు సరైన తపాలా చిరునామా ఉండదు, ఒకే స్థలంలో రెండు మూడు కుటుంబాలు కాపురముంటాయి. ఇంటింటికీ ఫారాలు పంచే పని ఆ ఏడాది కోవిడ్ వల్ల మధ్యలో ఆగింది. బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు వచ్చే కేంద్ర నిధులు తల లెక్క మీదే ఆధారపడతాయి కాబట్టి, లెక్క తప్పిన ప్రతి ఇంటి వాటా వచ్చే జనగణన దాకా పదేళ్ళపాటు కోతపడుతుంది.