గన్నవరము నుండి శంషాబాదుకు

విజయవాడలోని ఒక రోగికి హైదరాబాదు వైద్యుడు ఉదయము 10 గంటలకు రమ్మని కబురంపినాడనుకొందము. ఇంటివారు విమానముల వేళలపట్టిక చూతురు. గన్నవరము నుండి శంషాబాదుకు ఇంచుమించు గంట ప్రయాణమని అందుండును. ఎనిమిదిన్నర విమానమెక్కిన చాలునని వారికి తోచును. అది చాలదు. ఎందుకు చాలదో శ్రోతలకు వివరింపదలచితిమి.

ఈ రెండు విమానాశ్రయముల నడుమ తిన్నని గీత గీచినచో దాని పొడవు సుమారు 265 కిలోమీటర్లు. వైమానికుల కొలత వేరు. వారి నాటికల్ మైలు 1,852 మీటర్లు. ఆ లెక్కకు ఇది 143 మైళ్ళు. ఇట్టి దగ్గర దారులలో తిరుగు ఏ.టి.ఆర్. విమానము గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగమున పోగలదు. భాగించి చూచినచో 32 నిమిషములే వచ్చును. తక్కిన కాలమంతయు ఏమైనట్లు?

పట్టికలోని కాలము కేవలము గాలిలో నుండు కాలము కాదు. విమానము నిలిచిన చోటినుండి కదలినది మొదలు, గమ్యమున మరల నిలుచువరకు లెక్క. రన్‌వే చేరుట, తన వంతు వచ్చువరకు ఆగుట అందులోనివే. పైకెగసిన పిదప నిండు వేగము వెంటనే రాదు. అయిదు కిలోమీటర్ల ఎత్తునుండి దిగవలెనన్న 90 కిలోమీటర్లకు ముందే దిగుట మొదలిడవలెను. ఎక్కుటకును ఇంచుమించు అంత దూరము పట్టును. పూర్తి వేగమున సాగునది దారిలో మూడవవంతు మాత్రమే.

గాలి సంగతియు ఒకటి కలదు. విమానము గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. గన్నవరము రన్‌వే, శంషాబాదు రన్‌వేలు ఇంచుమించు తూర్పుపడమరలుగా నున్నవి. తూర్పుగాలి వీచునాడు మన విమానము పడమటికి పోవలసినదయ్యు తూర్పుముఖముగా లేచి వెనుకకు మరలవలెను. శంషాబాదు చేరియు ఊరకే దిగరాదు. రన్‌వేను దాటి పడమటికి పోయి, తిరిగి తూర్పుముఖముగా రావలెను. పడమటిగాలి నాడు ఈ చుట్టు లేదు. ఈ తేడాలన్నిటికిని చోటుంచియే పట్టికలో గంట వేయుదురు.

అసలు ఆలస్యము నేలమీదనే ఉన్నది. 2008 మార్చిలో హైదరాబాదు విమానములు బేగంపేట విడిచి శంషాబాదు చేరినవి. గన్నవరమునుండి ఆకాశపు దూరము దాదాపు మారలేదు. కాని సికింద్రాబాదు వాసికి ఇంటిముంగిట నున్నట్లుండిన విమానాశ్రయము 30 కిలోమీటర్లకు పైగా దూరమైనది!

ఇక మన రోగి లెక్క చూతము. విజయవాడనుండి గన్నవరము 20 కిలోమీటర్లు. విమానమునకు సాధారణముగా గంట ముందే కౌంటరు మూయుదురు. దిగి సామాను తీసికొనుటకు అరగంట, నగరము చేరుటకు గంట, ఒక్కొక్కప్పుడు గంటన్నర. పది గంటలకు వైద్యుని ముందుండవలెనన్న ఆరున్నర విమానమెక్కవలెను. నాలుగుముప్పావుకైనను ఇల్లు కదలవలెను. కారులో పోయినను ఇంచుమించు అయిదు గంటలే. కూర్చుండలేని రోగికి వెనుక సీటులో పడుకొని పోవుటయే సుఖమని మా అభిప్రాయము.

తిరుపతి వారి విషయము వేరు. రేణిగుంటనుండి శంషాబాదుకు ఆకాశమున సుమారు 417 కిలోమీటర్లు. గన్నవరపు ప్రయాణము కంటె కొలది నిమిషములే ఎక్కువ. రోడ్డున నన్ననో ఇంచుమించు పది గంటలు. వారు నిస్సంశయముగా విమానమే ఎక్కవచ్చును.